రబీకి రెండు గళ్ళు, యాసంగికి మూడు

మా దోస్తుల ఆదివారం ముచ్చట్లు ఎవరైనా పక్కన కూర్చుని వింటే వీళ్ళకు పనీపాటా లేదనుకుంటారు. ఐదుగురం. ఇద్దరం నల్లగొండ, ముగ్గురు పాలమూరు. ఉద్యోగాలు హైదరాబాదు, బెంగుళూరు, డల్లాస్. ఇక్కడ పొద్దున ఎనిమిదంటే డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మొదటి పావుగంట చలి గురించి, తర్వాత ఎవరి అమ్మానాన్నలు ఎప్పుడొస్తున్నారు, ఎవరెప్పుడు ఊరికి పోతున్నారు అని. ఆఖరికి పేపర్లో వచ్చిన గళ్ళ నుడికట్టు. ఒకడు ఫోటో తీసి పంపుతాడు, అందరం కలిసి నింపుతాం. సెలవు రోజు కూడా రిటర్న్ టైపూ, ఎర్రర్ కోడూ మాట్లాడుకునే జాతి కదా మనది, దానికంటే ఇదే నయం అని నా అభిప్రాయం.

మొన్న డిసెంబర్లో ఒక ఆధారం దగ్గర ఆగిపోయాం. "చలికాలం పంట, రెండక్షరాలు". ఐదుగురి నోటా ఒకేసారి "యాసంగి" అని వచ్చింది. గళ్ళేమో రెండే ఉన్నాయి. జవాబు "రబీ" అని తేలడానికి అర నిమిషం కూడా పట్టలేదు కానీ, ఆ రెండు గళ్ళ మీద మాట్లాడుకుంటూ గంటసేపు కూర్చున్నాం. గడి కూర్చినాయనను తప్పు పట్టడం లేదు. ఆయనకు అక్కడ రెండక్షరాల మాట కావాలి, రబీ సరిపోయింది. నేను చెప్పదల్చుకున్నది వేరే.

చలి ఎట్లుందని మేమడిగేది మాట కలపడానికి కాదు. నల్లగొండ వైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కిందో, బోర్ల కిందో వరి పెట్టేవాళ్ళకు డిసెంబరు చలి అంటే నారుమడి. రాత్రి ఇగం ఎక్కువైతే నారు ఎదగదు, ఆకులు పసుపుపచ్చగా అవుతాయి. అందుకే రాత్రి మడి మీద పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీస్తారు, రాత్రంతా చల్లబడ్డ నీళ్ళు వదిలేసి కొత్తగా బోరు నీళ్ళు పెడతారు. నారు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం. నాట్లు కాకుండా మా వాడి నాయన ఊరు కదలడు. కాబట్టి "సలి ఎట్లుందే నాయనా?" అంటే "నువ్వు ఎప్పుడొస్తవ్?" అని అర్థం. "నారు ఇంక జానెడు గూడ కాలేదు బిడ్డా" అంటే సంక్రాంతికి రాడని అర్థం. ఇది తెలియని మా ఇంకో దోస్తు భార్య (విజయవాడ అమ్మాయి) మొదట్లో, మీ మామాకొడుకులు వాతావరణ శాఖలో పనిచేస్తారా అని నవ్వేది :)

వనపర్తి వైపు వాడిది ఇంకో కథ. వాళ్ళది వరి కాదు, యాసంగి పల్లి. వానలు తగ్గే వేళకు విత్తుతారు, జనవరి, ఫిబ్రవరిలో పీకుతారు. సరిగ్గా మన ఆఫీసుల్లో సెలవులు దొరికే రోజుల్లోనే వాళ్ళకు కూలీలు దొరకరు. మన సెలవుల పట్టిక వేసేవాళ్ళకు సంక్రాంతి ఒక్కటే తెలుసు. పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు నిలబడితే టీవీలో చూపిస్తారే, ఆ రోడ్డు మా జిల్లాలోంచే పోతుంది, కానీ ఆ పండగ మాకంత పెద్దది కాదు. మాకు దసరా, బతుకమ్మ. చలికాలంలో అయితే మాఘమాసంలో చెరువుగట్టు జాతర, రెండేళ్ళకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు. వాటికి సెలవులుండవు, లీవు పెట్టుకోవాల్సిందే. మేనేజరుకు కారణం ఏం చెప్పాలన్నది మరో సమస్య.

చలి, ఇంటివాళ్ళ రాకపోకలు, రెండూ ఒక్క మాటకు కట్టేసి ఉన్నాయి. ఆ మాట యాసంగి. మా ముచ్చట్లలో మొదటి ముప్పావుగంట దాని చుట్టూనే తిరుగుతుంది. తీరా గడి దగ్గరకు వచ్చేసరికి దానికి చోటు లేదు.

తమాషా ఏమిటంటే రబీ తెలుగు మాటే కాదు. అరబ్బీలో వసంతం. ఖరీఫ్ అంటే శరత్తు. తెలంగాణ తెలుగులో ఉర్దూ ఎక్కువని మమ్మల్ని కాలేజీలో ఎంత ఏడిపించారో లెక్కలేదు. ఇక్కడ మాత్రం పుస్తకాల తెలుగులో అరబ్బీ మాట, మా ఊళ్ళో దేశి మాట! యాసంగి అనేది వేసంగి నుంచి వచ్చిందని నా లెక్క. వేపను యాప అంటాం, వేటను యాట అంటాం, అట్లాగే. వేసంగి అంటే వేసవి. చలిలో పెట్టిన పంటకు అరబ్బువాడు వసంతం పేరు, మావాడు వేసవి పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ పంట చేతికొచ్చే కాలాన్నే చూసుకున్నారన్న మాట. రాష్ట్రం వచ్చాక ప్రభుత్వమే తన కాగితాల్లో వానాకాలం, యాసంగి అని రాయడం మొదలుపెట్టింది. గళ్ళలోకి ఇంకా రాలేదంతే.

ఎందుకు రాలేదు? దీన్ని కుట్ర అనేవాళ్ళున్నారు, నేననను. తెలుగులో గడి కూర్చడం నిజంగా కష్టం. ఇంగ్లీషు గడిలో ఒక్కో గదిలోకి వచ్చేది ఇరవయ్యారింట్లో ఒకటి. మనకు హల్లులన్నిటికీ గుణింతాలు వేస్తేనే కొన్ని వందలు, ఒత్తులు కలిపితే వేలు. అడ్డానికి "గి" ఉంటే నిలువుకు కూడా "గి"నే రావాలి, "గ" వస్తే కుదరదు. అందుకే మన గళ్ళలో రెండు మూడక్షరాల మాటలెక్కువ, తిరగబడినవీ, తడబడినవీ, తోక తెగినవీ ఎక్కువ. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి పజిల్ వేసినప్పుడు ఈ బాధలేం లేవు (అదీ చలికాలమే, గమనించారా). ఆ ఆటను తెలుగు అక్షరానికి లొంగదీయడం చిన్న పని కాదు. శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నారు, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నారు, పేర్లు పెట్టడంలోనే ఎంత సరదా పడ్డారో చూడండి.

మనవాళ్ళకు అర్థమయ్యే భాషలో చెప్తాను. ఒకసారి గడి నింపే చిన్న ప్రోగ్రాం రాద్దామని కూర్చున్నా. "స్త్రీ" పొడవు ఎంత అంటే ఆరు అంది. గడిలో అది ఒకటే గది. కంప్యూటర్ మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని విడివిడిగా లెక్కపెడుతుంది. సరే, యూనికోడ్ వాళ్ళ అక్షర విభజన నియమం వాడదామంటే, పాత నియమం ప్రకారం మూడు ముక్కలు. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తులను విడగొట్టకుండా ఒకే అక్షరంగా చూడాలన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో గానీ రాలేదు. చీకట్లో కూడా వేళ్ళ మీద అక్షరాలు లెక్కపెట్టే మా అమ్మ తెలివి యంత్రానికి రావడానికి అన్నేళ్ళు పట్టింది. స్ట్రింగును తిరగేస్తే వచ్చే చుక్కల సున్నాల గురించి చెప్పనే చెప్పను, మీరూ చూసే ఉంటారు.

ఇంత ఇరుకులో కూర్చేవాడు తనకు అలవాటైన మాటల్లోంచే ఏరుకుంటాడు, సహజం. కూర్చేవాళ్ళలో ఎక్కువమందిది ఒకే ప్రాంతపు తెలుగైతే, ఆ తెలుగే గళ్ళలో నిండుతుంది. నష్టం ఎక్కడంటే, నింపేవాడికి తన ఇంటి మాట మీద నమ్మకం పోతుంది. తోడికోడలికి మా అమ్మ "యారాలు" అంటుంది. పాత నిఘంటువుల్లో ఏరాలు అని ఉన్న మాటే. మా వాడొకడు ఒక గడిలో ఆధారం చూసి, యారాలు సరిపోతున్నా రాయలేదు, "అది తప్పు తెలుగేమో" అనుకున్నాడు. మంచి మార్కులతో ఇంజినీరింగు పాసైనవాడు. సొంత అమ్మ మాటను ఇట్లా అనుమానించడం ఆ ఆదివారం గడి వల్ల రాలేదు, బడిలోనే మొదలైంది.

మనం పోల్చుకోవాల్సింది సురవరం ప్రతాపరెడ్డి గారితో. పాలమూరు మనిషి. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే, ఆయన ఊరికే కోప్పడి ఊరుకోలేదు. వెతికి వెతికి 354 మంది కవులను పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తిపదకోశం 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో వచ్చింది. ఊళ్ళు తిరిగి, రైతులనూ నేతగాళ్ళనూ అడిగి రాసుకున్న మాటలవి. అంటే ముడిసరుకు అరవై ఏళ్ళుగా అలమారలోనే ఉంది. గద్వాల మగ్గం మాట, పోచంపల్లి మగ్గం మాట గడిలోకి రాకపోవడానికి పుస్తకం లేకపోవడం కారణం కాదు.

"శ్రీకాకుళంలో ఉన్నవాడికి నీ యారాలు ఎట్లా తెలుస్తుంది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇంగ్లీషు గళ్ళలో స్కాట్లాండు మాట వస్తే ఆధారంలో స్కాట్లాండు ప్రస్తావన ఉంటుంది, లండన్ వాడు తంటాలు పడి నేర్చుకుంటాడు. మనం కూడా "పాలమూరులో" అనో "కళింగాంధ్రలో" అనో ఒక మాట చేర్చితే సరిపోతుంది. అడ్డం నిలువు కలిసే అక్షరాలు మిగతా సాయం చేస్తాయి. తెలియని మాట రాబట్టుకోవడమే కదా ఈ ఆటలో మజా. నదుల పేర్లూ లక్ష్మీదేవి పర్యాయపదాలూ ఎన్నిసార్లని నింపుతాం?

ఇంకో మెలిక ఉంది. తెలంగాణ మాట అని ఒకే మూట కట్టేయడం కూడా నాకు నచ్చదు. నారాయణపేట, మక్తల్ వైపు తెలుగులో కన్నడం వినిపిస్తుంది. కోదాడ, హుజూర్‌నగర్ వాళ్ళ మాట కృష్ణా, గుంటూరులకు దగ్గర. నల్లగొండ పెళ్ళికి వెళ్ళిన గద్వాలాయనకు సగం మాటలు కొత్తే. ఒక ప్రామాణికం తీసేసి హైదరాబాదు టీవీ యాంకర్ తెలంగాణను దాని స్థానంలో కూర్చోబెడితే ఒరిగేదేమీ లేదు.

అందుకని మేం ఐదుగురం తొమ్మిది తొమ్మిదుల గడి ఒకటి మొదలుపెట్టాం. నిఘంటువు మా నాయనలే. నారుమడి కాడినుంచి వచ్చి, చేతులు కడుక్కుని, స్పీకర్ ఆన్ చేసి కూర్చుంటున్నారు. పత్రికలో అచ్చయిన గడి ముందు నోరు మెదపని పెద్దమనుషులు ఇప్పుడు మమ్మల్ని ఆపి, "అట్ల గాదురా, గెట్టు వేరు, ఒడ్డు వేరు" అని పాఠం చెప్తున్నారు. ఇగం, దూప, సోపతి, పైలం, ఎవుసం ఎక్కాయి. యాసంగి ఒకటి అడ్డం, మొదట్నే. ఏడు నిలువు మాత్రం ఖాళీగా ఉంది: రాత్రి నారుమడి మీద కప్పే పట్టాకు మాట, మూడక్షరాలు, చివర "గి" రావాలి. మావాళ్ళందరూ "కవరు" అనే అంటున్నారు. మీ ఊళ్ళో ఏమంటారు?