పెన్సిల్ అక్కడే కట్టి ఉంది

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళందరికీ ఒక మాట చెప్పాలి.

2016 జూన్ 23. లండన్‌లో కుండపోత వాన. కొన్నిచోట్ల నీళ్ళు చేరి పోలింగ్ కేంద్రాలనే మార్చాల్సి వచ్చింది. ఐరోపా సమాఖ్యలో ఉండాలా, బయటికి రావాలా అని దేశం మొత్తాన్ని అడిగిన రోజది. నా చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే, అయినా నాకు ఓటుంది. ఇక్కడ ఉండే అనుమతి ఉన్న కామన్వెల్త్ పౌరులందరికీ ఆ హక్కు ఇచ్చారు. ఏళ్ళ తరబడి ఇక్కడే పన్ను కడుతున్న ఫ్రెంచి, జర్మన్ పౌరులకు మాత్రం ఇవ్వలేదు.

తడిసిన గొడుగు గుమ్మంలో వదిలి బడి హాల్లోకి వెళ్ళాను. గోడ నిండా పిల్లలు వేసిన బొమ్మలు. దాని పక్కన చెక్క అర, అందులో దారంతో కట్టిన పొట్టి పెన్సిల్. పొద్దున్న ఏడు నుంచి రాత్రి పది దాకా బల్ల దగ్గర కూర్చునే సిబ్బంది. అలాంటి కేంద్రాలు దేశమంతటా 40,000కు పైగా పెట్టారు.

ఇదంతా ఊరికే రాలేదు. ఆ రిఫరెండం నిర్వహణకు ఖజానా నుంచి 12 కోట్ల 91 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. అంతకుముందే ప్రభుత్వం ఇంటింటికీ పంపిన కరపత్రానికి మరో 93 లక్షలు. అందులో మన జీతం చీటీలో కోతపడ్డ పన్ను ఉంది, మనం కొన్న సబ్బుబిళ్ళ మీది వ్యాట్ ఉంది.

ఓటర్ల జాబితాలో ఉన్నవారు 4 కోట్ల 65 లక్షలు. అంటే నిర్వహణ ఖర్చే తలకు దాదాపు 2 పౌండ్ల 78 పెన్నీలు. వారిలో 1 కోటి 29 లక్షల మంది ఓటే వేయలేదు. వాళ్ళ వంతు లెక్క కట్టి చూడండి, మూడున్నర కోట్ల పౌండ్లు దాటుతుంది. గెలిచిన పక్షానికి వచ్చిన ఆధిక్యం 12 లక్షల 69 వేలే. ఓటు వేయనివాళ్ళు దానికి పది రెట్లు!

"అంత ఖర్చు దండగ" అనేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఖర్చు గురించి నిలదీయడం తప్పు కాదు. రిఫరెండం పెట్టక ముందే, పార్లమెంటులో చర్చ జరుగుతున్నప్పుడే గట్టిగా నిలదీయాలి. తేదీ ఖరారయ్యాక మనం ఇంట్లో కూర్చుంటే ఒక్క పెన్నీ కూడా మిగలదు. పెళ్ళికి వంటంతా అయ్యాక విస్తరి ముందు కూర్చోనివాడి వల్ల బియ్యం వెనక్కి వస్తాయా?

ఓటు విలువ మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. 2024 మేలో ఓటు కోసం హైదరాబాద్ నుంచి సొంతూళ్ళకు బయల్దేరిన జనంతో బస్టాండ్లు సంక్రాంతిలా కిటకిటలాడాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 80 శాతం దాటింది. విమానాల్లో విదేశాల నుంచి వెళ్ళి ఓటేసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఆ పట్టుదల మన రక్తంలో ఉంది. ఇక్కడ వీధి చివరి బడి దాకా నడవడానికి మనకు అడ్డేమిటి?

"ఇది మన దేశం కాదు కదా" అనకండి. మన పిల్లలు చదివే బడి ఇక్కడే ఉంది, మనం వరుసలో నిలబడే ఆసుపత్రి ఇక్కడే ఉంది. మళ్ళీ రిఫరెండం ఎప్పుడొస్తుందో గానీ, పార్లమెంటు ఎన్నికలు, కౌన్సిల్ ఎన్నికలు వస్తూనే ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనకు వాటిలోనూ ఓటుంది. ఇప్పుడు ఫొటో గుర్తింపు చూపాలి, అందుకు భారత పాస్‌పోర్టు సరిపోతుంది.

పేరు నమోదును చివరి రోజుకు వదిలేయకండి. 2016లో గడువు రాత్రి జనం తాకిడికి నమోదు వెబ్‌సైట్ కుప్పకూలింది. గడువు పెంచడానికి అప్పటికప్పుడు నిబంధనలు మార్చాల్సి వచ్చింది. ప్రతిసారీ అలా పెంచరు.

అందుకే ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను. ఈసారి ఉగాదికి పులిహోర బల్ల పక్కన ఇంకో బల్ల వేయించండి. దాని మీద ఒక ల్యాప్‌టాప్ పెట్టి, ఓపికగల కుర్రవాళ్ళను ఇద్దర్ని కూర్చోబెట్టండి. అక్కలూ, తమ్ముళ్ళూ, కొత్తగా వచ్చిన విద్యార్థులూ, పండక్కి వచ్చేటప్పుడు మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు వెంట తెచ్చుకోండి. నమోదుకు ఐదు నిమిషాలు చాలు. భోజనం ఆ తర్వాత చేద్దాం.