ఏకచక్రపురపు వంతు

మా కపిలేశ్వరపురమున మేము కొందఱము నడుపుచున్న పఠనమందిరపు బల్లపై ఒక ఆంగ్ల నవల యుండవచ్చునా, యుండరాదా యను వివాదము గత మాసమున బయలుదేరినది. కళాశాలలో చదువుకొనుచున్న మా పిల్లలే దానిని తెచ్చి పెట్టిరి. విశ్రాంతులైన ఒక పంతులుగారు మనుమని నోట కథ విని, "పిల్లలను పిల్లలచేత చంపించి, ఆ చంపుటను వేడుకగా చూచు కథ పిల్లలకా?" యని కోపించిరి. గ్రంథమును చదువకయే తీర్పు చెప్పుట న్యాయవాదికి తగదు గావున నేను రెండు రాత్రులు కూర్చుండి దానిని తుదముట్ట చదివితిని. పంతులుగారు విన్న కథ సరియైనదే. వారి తీర్పుతో మాత్రము ఏకీభవింపజాలను.

నవల పేరు "ది హంగర్ గేమ్స్". అమెరికా రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2008లో ప్రకటించినది, 2012లో చలనచిత్రమైనది. రాబోవు కాలమున పానెం అను రాజ్యము. దానికి కాపిటల్ అను భోగనగరము, ఆ నగరమును మోయుటకు పండ్రెండు మండలములు. పూర్వమొకమాఱు మండలములు తిరుగబడిన నేరమునకు శిక్షగా, ఏటేటా ప్రతి మండలమునుండి పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్లవఱకు గల ఒక బాలుని, ఒక బాలికను చీటీవేసి తీయుదురు. ఇరువదినలుగురిని ఒక రంగమున విడుతురు. బ్రతికి బయటపడువారు ఒక్కరు. రాజ్యమంతయు ఆ పోరును చూచి తీరవలయును.

నన్ను పట్టి నిలిపినవి కత్తిపోట్లు కావు, చీటీల లెక్క. చీటీ యందఱకు సమానమని ఆ రాజ్యపు శాసనము. పండ్రెండవయేట ఒకటి, పదమూడవయేట రెండు, ఇట్లు పెరుగును. కాని ఇంట తిండిలేని బిడ్డ తన పేర మఱియొక చీటీ వేయించుకొన్నచో, ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యమును నూనెయు నిత్తురు. ఇంట నెందఱున్న అన్ని చీటీలు వేయించుకొనవచ్చును; అవి యేటేటా కూడుచుండును. కథానాయిక కాట్నిస్ పదునాఱేండ్లది; ఆమె పేర ఇరువది చీటీలు. ఆమె స్నేహితుడు గేల్ పేర నలువదిరెండు. పదునాఱేండ్ల కలవారి బిడ్డకు ఐదు. ఎవరును బలవంతము చేయలేదు, వారే వ్రాలుచేసిరి! మన 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టమున 14వ సెక్షను స్వేచ్ఛాసమ్మతిని చెఱచు దోషములను వరుసగా చెప్పినది: బలాత్కారము, అనుచిత ప్రభావము, వంచన, తప్పుడు మాట, పొరపాటు. ఆకలి ఆ వరుసలో లేదు. 16వ సెక్షనున శరీరకష్టమను మాట ఒక మూల నున్నది గాని, దానిని పట్టుకొని గెలిచిన కౌలుదారును నేనింతవఱకు చూడలేదు.

పదునొకండవ మండలము పైరు పండించునది. అక్కడి పండ్రెండేండ్ల రూ అను పిల్ల, తాము పండించినది తాము తినిన కొరడాదెబ్బలు తప్పవని చెప్పును. ఆ పుటయొద్ద నాకు 2011 జ్ఞప్తికి వచ్చినది. పెట్టుబడియైనను తిరిగిరాని పంట మాకేలయని కోనసీమ రైతులు సార్వాకు పొలములు బీడుపెట్టిన యేడు అది. మాకు కొరడా లేదు, నిజమే, ధర యున్నది.

ఇక పంతులుగారి యాక్షేపణ. హరికథ నేర్పు పాఠశాల గల మా యూరిలో బకాసురుని కథ వినని బిడ్డ యుండడు. దినమునకొక యిల్లు, ఇంటికొక మనిషి, బండెడన్నము, రెండు దున్నపోతులు. ఇదియు వంతే గదా! దానిని వినిపించుచు దీనిని బల్లపైనుండి తీయుట యెట్లు? ఆ బ్రాహ్మణుని యింట తండ్రి నేను పోదుననును, తల్లి నేననును, కూతురు నేననును. మాటలు సరిగ రాని చిన్నవాడు గడ్డిపరక చేతబట్టి రాక్షసుని దీనితోనే చంపెదననును. చెల్లెలు ప్రిమ్ పేర చీటీ వచ్చినప్పుడు కాట్నిస్ తానే పోదునని ముందునకు దుముకుట ఆ యింటి పలుకే. ఐనను భేదము కలదు. ఏకచక్రపురమునకు కుంతీదేవి యతిథిగా వచ్చినది, ఆమెకు భీముడు కలడు. అంతకు ముందు తప్పించుకొనజూచినవారు ఎవరికి వారే చూచి, ఆలుబిడ్డలతో చచ్చిరి. కాలిన్స్ కథలో భీముడు రాడు. కాట్నిస్ తన్ను తానర్పించుకొన్నప్పుడు ఆమె మండలపు జనులు, చప్పట్లు కొట్టుడన్నను కొట్టక ఊరకుండిరి; పిదప ఎడమచేతి మూడు వ్రేళ్లు పెదవులకు తాకించి ఆమెవైపు చాచిరి. నిరాయుధులకు అప్పటికి చేతనైనది అంతే.

ఆ సైగ గ్రంథముననే యుండిపోలేదు. 2014 మే నెలలో థాయిలాండున సైన్యము అధికారమును చేపట్టినపిమ్మట యువజనులు వీధులలో మూడు వ్రేళ్లెత్తిరి, ఎత్తినవారిని నిర్బంధించిరి. 2021లో బర్మాలో సైన్యము రాజ్యమును లాగుకొన్నప్పుడును అదే సైగ. మన తీరమునుండి ఒకప్పుడు వేలమంది పొట్టకూటికై పోయిన రంగూను వీధులే అవి.

నవలలో లోపములు లేవనను. కాట్నిస్ దుస్తులకును, ఇద్దఱు యువకుల నడుమ ఆమె తడబాటునకును పెక్కు పుటలు వ్యయమైనవి. దూరదర్శనిలో ఒక వంక వినోదపు పోటీని, ఒక వంక ఇరాకు యుద్ధమును మార్చి మార్చి చూచుచుండగా తనకీ కథ తోచినదని రచయిత్రియే చెప్పినది. అట్టి ఆమె వ్రాసిన పోరు సయితము మిక్కిలి ఉత్కంఠగా నడుచుటచే చదువరి తెలియకయే కాపిటల్ పౌరుడై, ఎవరు గెలుతురో యని పుట త్రిప్పును. నేనును త్రిప్పితిని, రెండవ రాత్రి మూడు గంటలవఱకు. పంతులుగారి భయమునకు ఆధారమున్నచో ఇచ్చటనున్నది. అమెరికా గ్రంథాలయములలోను 2010, 2011లలో ఈ పుస్తకమును తీసివేయుడని ఆక్షేపించినవారు పెక్కురు. వారి వాదమును మన పంతులుగారి వాదమువంటిదే.

ఆదివారపు సభలో నేనింతవఱకు చెప్పితిని. పంతులుగారు తాము చదువకయే ఆక్షేపించిన మాట నిజమేయని ఒప్పుకొని, పుస్తకమును సంచిలో వేసికొని యింటికి తీసికొనిపోయిరి. పదునాలుగు దినముల గడువు తీఱి వారమైనది. తరువాత చదువుటకు నలుగురు పిల్లలు చిట్టాలో పేర్లు వ్రాయించుకొని యున్నారు.