పాత పియానో అసలు గొంతు

ఒకే కీర్తనను వీణ మీద వాయిస్తే ఒక తీరుగాను, హార్మోనియం మీద వాయిస్తే మరొక తీరుగాను ఉంటుందని మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. రాసిన స్వరం ఒకటే అయినా, వాద్యం మారితే నాదం మారుతుంది. పశ్చిమ దేశాల పియానో సంగీతం విషయంలో మటుకు ఈ మాటను చాలాకాలం ఎక్కువమంది పట్టించుకోలేదు. పియానో అంటే పియానోయే గదా, నిన్న చేసినదైతేనేమి, రెండు వందల ఏండ్ల నాటిదైతేనేమి అనుకున్నారు. అలా కాదని కొందరు కళాకారులు గత యాభై అరవై ఏండ్లుగా వాయించి చూపుతున్నారు. మోజార్ట్, బీథోవెన్ వంటివారి సొనాటాలను ఆ కాలపు వాద్యాల మీదనే వాయించి రికార్డు చేస్తున్నారు. ఈ నెల ఆ ప్రయత్నాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాము.

ముందు సొనాటా అంటే ఏమిటో చూద్దాము. పాట లేకుండా వాద్యానికే రాసిన పెద్ద రచన అది. సాధారణంగా మూడు నాలుగు భాగాలుగా ఉంటుంది. మన త్యాగరాజస్వామి 1767లో జన్మిస్తే బీథోవెన్ 1770లో జన్మించాడు. ఇద్దరూ ఒకే కాలంవారు. 1827లో కన్నుమూసేనాటికి ఆయన పేరుకెక్కిన 32 పియానో సొనాటాలు రాశాడు. ఆ 32 సొనాటాలనూ మొట్టమొదట పూర్తిగా గ్రామఫోనుకు ఎక్కించినవాడు ఆర్టుర్ ష్నాబెల్. 1932 నుంచి 1935 వరకు లండనులో ఆ పని జరిగింది. ఆయన వాయించినది ఇరవయ్యో శతాబ్దపు పియానో మీదనే. దానిని ఎవరూ తప్పు పట్టలేదు. పట్టవలసిన అవసరం కూడా ఆనాడు తోచలేదు.

అయితే బీథోవెన్ ఎదుట ఉన్న పియానో ఎటువంటిది? ఇటలీలోని ఫ్లోరెన్సు నగరంలో 1700 ప్రాంతాన బార్తొలోమియో క్రిస్టోఫోరి అనే పనివాడు ఈ వాద్యాన్ని కనిపెట్టాడు. అంతకుముందున్న హార్ప్సికార్డు తీగను మీటేది. ఇది చిన్న సుత్తితో కొట్టేది. వేలి బరువును బట్టి నాదం మెల్లగానో గట్టిగానో పలకడం దీని గొప్ప. ఆయన చేసినవాటిలో మూడు పియానోలు ఈనాటికీ మిగిలి ఉన్నాయి. వాటిలో పాతది, 1720 నాటిది, న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది.

మోజార్ట్ సొంత పియానో సాల్జ్‌బర్గ్‌లో భద్రంగా ఉన్నది. వియన్నాలో ఆంటోన్ వాల్టర్ 1782 ప్రాంతాన చేసినది అది. ఐదు స్థాయిలు, 61 మీటలు. చట్రమంతా కొయ్య. తీగలు సన్నం. సుత్తుల తలలకు పలుచని తోలు. బరువు నూరు కిలోల లోపే. ఇద్దరు మనుషులు పట్టి అవతలి గదిలో పెట్టవచ్చు. ఈనాడు కచేరీ మందిరాలలో కనిపించే పెద్ద పియానోకు 88 మీటలు, దాదాపు 500 కిలోల బరువు. తీగల బిగువంతా కలిపితే ఇంచుమించు 20 టన్నులు. అంత బిగువును కొయ్య ఆపలేదు. పోత ఇనుప చట్రం కావాలి. సుత్తులకు తోలు పోయి, గట్టిగా అదిమిన ఉన్ని వచ్చింది.

ఈ మార్పులన్నిటి ఫలితమేమంటే, కొత్త పియానోలో ఒక్కసారి నొక్కిన స్వరం చాలాసేపు మోగుతుంది. కింది స్థాయి నుంచి పై స్థాయి దాకా గొంతు ఒకే రీతిగా ఉంటుంది. పాతదానిలో స్వరం స్పష్టంగా పుట్టి త్వరగా అణగుతుంది. కింది స్వరాలకు ఒక రంగు, నడిమివాటికి ఒకటి, పైవాటికి మరొకటి. ఎడమచేత్తో దగ్గర దగ్గరగా నాలుగు స్వరాలు కలిపి నొక్కినా దేనికది విడిగా వినిపిస్తుంది. కొత్తదానిలో అవే నాలుగు ముద్దగా కలిసిపోతాయి.

ఇందుకు ఒక్క ఉదాహరణ చాలు. బీథోవెన్ 1801లో రాసిన ఒక సొనాటాను లోకమంతా ‘మూన్‌లైట్’ అంటుంది. ఆ వెన్నెల పేరు ఆయన పెట్టినది కాదు, ఆయన పోయిన తరువాత వచ్చింది. పియానోలో తీగల మీద వాలి నాదాన్ని ఆపే మెత్తని దిమ్మలుంటాయి. ఆ సొనాటా మొదటి భాగమంతా ఆ దిమ్మలను పైకి ఎత్తి ఉంచి, మిక్కిలి సున్నితంగా వాయించాలని ఆయన పుస్తకంలో రాసిపెట్టాడు. ఈనాటి పియానో మీద ఆ మాటను అక్షరాలా పాటిస్తే ముందరి స్వరం అణగకముందే వెనుకటిది వచ్చి మీద పడి, అంతా గందరగోళమవుతుంది. అందుచేత ఎందరో కళాకారులు పెడల్ మారుస్తూ సర్దుకుంటారు. ఆ మాట రాసినవాడు పొరబడ్డాడేమో అనిపించేటట్లుంటుంది. ఆ కాలపు పియానో మీద వాయిస్తే తెలుస్తుంది, పొరపాటేమీ లేదని. పాత నాదం త్వరగా అణగుతుంది గనుక, కొత్త స్వరం వెనుక అది పలుచని పొగమంచులాగా నిలుస్తుంది. కావలసినది అదే.

ఈ దారిలో నడిచినవారిలో వియన్నావాడైన పాల్ బదూరా స్కోడా ముఖ్యుడు. 1927లో పుట్టి 2019లో కాలం చేసిన ఆయన పాత పియానోలను సొంతంగా సేకరించి, 32 సొనాటాలనూ వాటిమీద రికార్డు చేశాడు. అమెరికాలో మాల్కమ్ బిల్సన్, ఆయన శిష్యులు ఆరుగురు కలిసి 1994లో న్యూయార్కులో ఆ 32ను తొమ్మిది వాద్యాల మీద పంచుకొని వాయించారు. తరువాత రికార్డులుగానూ ఇచ్చారు. తొమ్మిది ఎందుకంటే, బీథోవెన్ జీవితకాలంలోనే పియానో మారుతూ వచ్చింది. మొదటి సొనాటాలు ఇంచుమించు ఐదు స్థాయిలలో ఇమిడితే, చివరివాటికి ఆరు స్థాయిలైనా కావలసి వచ్చాయి.

ఇటువంటి వాద్యాన్ని రికార్డు చేయడం సామాన్యమైన పని కాదు. దాని గొంతు చిన్నది. మైకు దగ్గరగా పెడితే మీటల టకటక, సుత్తి వెనక్కు పడే చప్పుడు కూడా ఎక్కుతాయి. దూరంగా పెడితే నాదంలోని జీవం పోతుంది. కొయ్య చట్రం గనుక గాలిలో తేమ, వేడి ఏ కొంచెం మారినా శ్రుతి జారుతుంది. అందుకని శ్రుతి చేసేవాడు రికార్డింగు జరిగినంతసేపూ అక్కడే ఉండవలసిందే.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటున్నది. 1817 చివరలో లండనులోని బ్రాడ్‌వుడ్ సంస్థ బీథోవెన్‌కు ఒక పియానో కానుకగా పంపింది. అది ఓడ మీద, బండి మీద ప్రయాణం చేసి 1818లో వియన్నా చేరింది. తరువాత లిస్ట్ చేతికి వచ్చి, ఇప్పుడు బుడాపెస్టులో హంగేరీ జాతీయ మ్యూజియంలో ఉన్నది. దానిని తాకకుండా ఉంచితే చూచుకోవచ్చు, వినలేము. ఇన్నేండ్ల తోలు గట్టిపడుతుంది, తీగలు అలసిపోతాయి, కొయ్య పగులుతుంది. అట్టి స్థితిలో పలికించినా ఆనాటి గొంతు రాదు. పోనీ తోలు, తీగలు మార్చి బాగుచేద్దామంటే, పాతది తీసిన చోట ఆనాటి పనివాని చేతి గుర్తు కూడా పోతుంది. మళ్ళీ తేలేము. వాద్యాన్ని దక్కించుకోవాలా, దాని గొంతును దక్కించుకోవాలా? మ్యూజియంవారిని ఈనాటికీ బాధిస్తున్న ప్రశ్న ఇది. బ్రాడ్‌వుడ్ విషయంలో మరమ్మతుకే ఒప్పుకొన్నారు. 1990ల తొలి సంవత్సరాలలో మెల్విన్ టాన్ దానిమీద వాయించిన రికార్డు వచ్చింది.

దీనికి మధ్యేమార్గం నకలు వాద్యం. పాతదానిని అంగుళం అంగుళం కొలిచి, అదే జాతి కొయ్యతో, అదే పద్ధతిలో కొత్తది చేస్తారు. చెక్ దేశంలో ఉండి పనిచేసే పాల్ మెక్‌నల్టీ ఇందులో పేరు పొందినవాడు. ఆయన చేసిన పియానోల మీదనే డచ్చి కళాకారుడు రోనాల్డ్ బ్రౌటిగామ్ 32 సొనాటాలనూ రికార్డు చేశాడు. మోజార్ట్ కొన్ననాడు ఆయన పియానో కూడా కొత్తదే గదా! నకలే ఒక్కొక్కప్పుడు అసలుకు దగ్గరి గొంతు పలుకుతుందన్నమాట.

ఇందుకు ఎదురుమాట లేకపోలేదు. బీథోవెన్ ఎప్పుడూ ఇంకా బలమైన పియానో కావాలని కోరినవాడు, మన పియానో దొరికివుంటే సంతోషించేవాడు గదా అంటారు కొందరు. కావచ్చు. కాని ఆయన రాసినది కోరుకున్నదానికి కాదు, ఎదుట ఉన్నదానికి. పొట్టి గుడ్డతో చొక్కా కుట్టే దర్జీ ఆ గుడ్డను కొలిచే కత్తిరిస్తాడు. కొత్త పియానోను మానాలని మేము అనడం లేదు. ష్నాబెల్ ప్లేట్లు ఈనాటికీ వినదగినవే. రెండూ వినమంటున్నాము. పాతదానిని మ్యూజియానికే వదిలేస్తే పుస్తకంలోని గుర్తులు కొన్ని అర్థం లేని గుర్తులుగానే మిగిలిపోతాయి.

పాఠకులకు ఒక మనవి. వీలున్నవారు ‘మూన్‌లైట్’ మొదటి భాగాన్ని ముందు కొత్త పియానో మీద, తరువాత పాతదాని మీద వినండి. పాతది తక్కువగా వినిపిస్తున్నదని శబ్దం పెంచకండి. ఇంట్లో పంకా ఆపి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, రెండు నిమిషాలు ఓపిక పట్టండి. చెవి ఆ చిన్న గొంతుకు అలవాటు పడిన తరువాత, ఒక్కొక్క స్వరం ఎట్లా పుట్టి ఎట్లా అణగుతున్నదో పిల్లలే ముందు చెబుతారు.