గోపురం లేపిన చేతులెవరివి?

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన మన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. నవయుగ కంపెనీ తన ఖర్చుతో మళ్లీ కట్టించింది. 2017లో కుంభాభిషేకం జరిగింది. ఆ మంచిని మేం కాదనం. కానీ కంపెనీ చరిత్రంటే దానం ఒక్కటేనా? డ్యాములు, రోడ్లు, సొరంగాలు కట్టిన సొమ్ములో చాలా భాగం ప్రజలది, చెమట కూలీలది.

2023 నవంబరులో ఇదే కంపెనీ తవ్వుతున్న ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగం కూలి, 41 మంది కార్మికులు 17 రోజులు లోపలే చిక్కుకున్నారు. యంత్రాలు మొరాయిస్తే, చివరి మట్టిని చేతులతో తవ్వి వాళ్లను బయటికి తెచ్చింది సాటి కూలీలే.

రాయల పేరు శాసనంలో ఉంది. కంపెనీ పేరు అందరి నోటా ఉంది. రాళ్లు మోసినోళ్ల పేర్లేవి? దాతకు దండం పెడదాం, కాంట్రాక్టరును లెక్క అడుగుదాం. ఇద్దరూ ఒకరే అయినా సరే!