ఒక బెంచీ, నాలుగు చేతులు

మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవానికి మళ్లీ పిలుపొచ్చింది. "మేడమ్, మీరూ మీ అక్కగారూ కలిసి పియానో వాయించాలి. పన్నెండు నిమిషాలు మీవే. కాకపోతే... జనానికి నచ్చేది చూడండి" అన్నాడు సెక్రటరీ, ఆ చివరి మాట దగ్గర కాస్త నసుగుతూ.

ఎందుకు నసిగాడో నాకు తెలుసు. ఎనిమిదేళ్ల కిందట ఇదే క్లబ్‌హౌస్‌లో మేమిద్దరం షూబర్ట్ ఎఫ్ మైనర్ ఫాంటసీ వాయించాం. 1828లో, అంటే ఆయన పోయిన ఏడాదే రాసింది. ఒకే పియానో మీద ఇద్దరు వాయించడానికి అంతకంటే గొప్పది లేదని ఇప్పటికీ అంటాను. కానీ అది దాదాపు ఇరవై నిమిషాలు. సగానికొచ్చేసరికి వెనకనించి పూరీల వాసన మొదలైంది. చివరి కార్డ్ వాయించి తల తిప్పి చూస్తే మిగిలినవాళ్లు ముగ్గురు: మా బావగారు, కుర్చీలో నిద్రపోయిన ఓ పాప, కుర్చీలు ఎప్పుడు మడవాలా అని చూస్తున్న కుర్రాడు.

అప్పుడు జనం మీద కోపం వచ్చింది. ఇప్పుడు రాదు. ఆదివారం సాయంత్రం పిల్లల డ్యాన్సులకీ, తంబోలాకీ మధ్య ఇరవై నిమిషాల విషాదం వడ్డించిన మాదే తప్పు. పెళ్లి భోజనంలో కాకరకాయ పులుసు ఎంత బాగున్నా రెండో గరిటె ఎవరూ అడగరు కదా!

ఈసారి అసలు చిక్కు జనంతో కాదు, అక్కతో. పధ్నాలుగు నెలల కిందట బాత్‌రూమ్‌లో జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ, చెయ్యి చాచి ఒక ఆక్టేవ్ పట్టుకుంటే, అంటే కింది 'స'కీ పై 'స'కీ బొటనవేలూ చిటికెనవేలూ ఒకేసారి వెయ్యాలంటే, నొప్పి. వేళ్లు మాత్రం ఆడుతున్నాయి. ఫిజియోథెరపీ అమ్మాయి ఇచ్చిన మెత్తటి బంతి నొక్కుతూ టీవీ చూస్తుంది తప్ప పియానో మూత తియ్యలేదు. "ఇంక చాల్లేవే, వాయించిందాన్ని వాయించాను" అనేది. పిలుపు సంగతి చెబితే మటుకు కాదనలేదు. "చూద్దాం" అంది. అక్క నోట చూద్దాం అంటే ఎంతో నాకే తెలుసు.

దాంతో నేను హుషారుగా వెతుకులాట మొదలెట్టాను. ముందుగా దొరికింది డయాబెల్లి, ఓపస్ 149. ఇందులో పై భాగం వాయించేవాళ్లకి అయిదు స్వరాలే. అయిదు వేళ్లూ అయిదు కీస్ మీద పెట్టుకుంటే చెయ్యి కదపక్కర్లేదు. కష్టమంతా పక్కన కూర్చున్న గురువుది. పిల్లలకోసం ఎంత తెలివిగా రాశాడో! ప్రింట్ తీసుకుని వెళ్లాను. అక్క కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ చూసింది, రెండో పేజీ చూసింది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి, "నాకు అరవై మూడే. ఆరు కాదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పాలి. డ్యూయెట్లో కుడిపక్క కూర్చునేవాళ్లు ప్రైమో, ఎడంపక్కవాళ్లు సెకండో. ప్రైమోకి పాట, సెకండోకి తాళం, బరువు. పెడల్ కూడా మామూలుగా సెకండోదే. సికిందరాబాద్ స్కూల్లో మాకు నేర్పిన ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ మొదటిరోజే నన్ను కుడివైపు, అక్కని ఎడమవైపు కూర్చోబెట్టింది. నేను చిన్నదాన్ని, చేతులు కురచ అని. ఆ కుర్చీలు మళ్లీ మారలేదు. చప్పట్లు ఎవరికొచ్చేవో చెప్పక్కర్లేదు. "నీకెప్పుడూ పాట, నాకెప్పుడూ ఢం ఢం" అనేది అక్క, నవ్వుతూనే. నలభై ఏళ్ల తర్వాత ఆమెకి ప్రైమో ఇస్తున్నానని నేను మురిసిపోతుంటే, ఇచ్చింది అయిదు వేళ్ల ముక్క! కోపం రాదూ?

సరే, జనానికి నచ్చేవి ఏవి? మొదటి పది సెకన్లలో చెవి పట్టుకోవాలి. నాలుగు నిమిషాలు దాటకూడదు. బాణీ కనీసం రెండుసార్లు తిరిగి రావాలి, ఎందుకంటే మొదటిసారి విన్నది రెండోసారి 'మనదే' అనిపిస్తుంది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో ముగింపే చెప్పాలి. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: డ్యూయెట్ చూసే వస్తువు కూడా. మోజార్ట్ కుటుంబానికి 1780 ప్రాంతంలో వేసిన పటం ఉంది. అక్క నానర్ల్, తమ్ముడు వోల్ఫ్‌గాంగ్ ఒకే వాద్యం ముందు కూర్చుని ఉంటారు. ఒకరి చెయ్యి మరొకరి చేతిమీదుగా దాటి ఉంటుంది. రెండొందల ఏళ్ల తర్వాత కూడా జనం మెడ చాచి చూసేది ఆ చేతులు దాటే చోటే.

ఈ లెక్కన షూబర్ట్‌నే మళ్లీ తీసుకున్నాను, కానీ మిలిటరీ మార్చ్. మొదలే బాకా ఊదినట్టుంటుంది, మాట్లాడుకునేవాళ్లు తలెత్తుతారు. తర్వాత ఫోరే రాసిన 'డాలీ'లో మొదటి ముక్క, జోలపాట. డాలీ ఫోరే స్నేహితురాలి కూతురు. అందులో పరుగుల్లేవు, పట్టు కావాలి. చంటిపిల్లల తల్లులు దీనికి కరగకపోతే నేను ఇంక పియానో ముట్టను.

అమ్మమ్మల వరస కోసం సినిమా పాట ఉండాల్సిందే. ఇక్కడ నా అనుభవం చెబుతాను. మన పాటల్లో గమకం ఎక్కువున్నవి పియానోకి లొంగవు. వీణ తీగ లాగినట్టు పియానో స్వరాన్ని లాగలేం కదా! మెట్టు మీద మెట్టు పెట్టినట్టు నడిచే బాణీలే వెతుక్కోవాలి. 'పూజాఫలం' (1964)లో జానకిగారు పాడిన పియానో పాట అలాంటిదే. సాలూరి రాజేశ్వరరావుగారు పియానోని తలలో పెట్టుకునే కట్టినట్టుంటుంది. ఇద్దరికి పంచుకోవడం ఓ పూట పని. మా ఫ్లోర్లో ఉన్న ఒకావిడ ఇది వినిపిస్తే చాలు, సెక్రటరీ ఎన్నికల్లో మాకే ఓటేస్తానంది. మేం నిలబడట్లేదని చెప్పినా.

చివరిది బ్రామ్స్ హంగేరియన్ డ్యాన్స్, అయిదోది. చాలామంది ఆర్కెస్ట్రా ముక్క అనుకుంటారు గానీ 1869లో అచ్చయింది నాలుగు చేతుల పియానోకే. గ్రామఫోన్ లేని రోజుల్లో ఇళ్లలో సంగీతం తిరిగింది ఇలాంటి పుస్తకాలవల్లే, సింఫనీలు కూడా డ్యూయెట్లుగా కొనుక్కుని వాయించుకునేవాళ్లు. బ్రామ్స్ జానపదం అనుకుని వాడుకున్న ఆ బాణీ నిజానికి కేలర్ అనే ఆయనది. పేరు తెలియనివాళ్లకి కూడా 'ది గ్రేట్ డిక్టేటర్'లో చాప్లిన్ గడ్డం గీసే సీను అంటే చాలు, మొహం విప్పారుతుంది.

ఇందులో ప్రైమోకి ఆక్టేవ్‌లు. అంటే అక్కకి కుదరదు. మళ్లీ సెకండోయే. ఈ మాట ఎలా చెప్పాలా అని నేను మధనపడుతుంటే, కాగితాలు లాక్కుని ఎడమపక్క కూర్చుంది. పధ్నాలుగు నెలల తర్వాత మూత తీసింది. తడిసి ఆరిన పియానో వాసన. కుడిచేతికి అందని స్వరాల్ని పెన్సిల్‌తో కొట్టేసింది. "మూడు తీసేస్తే నీ పాట పడిపోతుందా?" అంది. పడిపోలేదు. ఎడమచెయ్యి కింద బాస్ గట్టిగా ఉంటే పైన ఒకటి రెండు తగ్గినా వినేవాళ్లకి తెలీదు. ఇది ఇంట్లో డ్యూయెట్లు వాయించే అందరూ గుర్తుపెట్టుకోవచ్చు, అచ్చేసినదంతా వాయించాలన్న రూలేం లేదు.

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. ఈ డ్యాన్స్ మధ్యలో ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది, ఆగినట్టే ఆగి ఉరుకుతుంది. ఎంతసేపు ఆగాలి? నేనే నిర్ణయిస్తాననుకుంటూ నలభై ఏళ్లు గడిపాను. అక్క కింద కార్డ్ పట్టి వదల్లేదు. నా చేతులు గాల్లో ఉన్నాయి. తిరిగి చూస్తే తాపీగా నన్నే చూస్తోంది. "ఊఁ, ఇప్పుడు" అంది. ఆ ఒక్క క్షణానికే జనం ఊపిరి బిగబడతారు, రాసిపెట్టుకోండి.

ఇంకో నిమిషన్నర మిగిలింది. పిల్లలకోసం 'చాప్‌స్టిక్స్' అన్నాను. 1877లో యుఫీమియా ఆలెన్ అనే పదహారేళ్ల పిల్ల మగపేరుతో అచ్చేయించిన వాల్ట్జ్ అది. అరచేతుల్ని పక్కకి తిప్పి, కూర తరిగినట్టు కొట్టి వాయించమని సూచన. దానికి దగ్గర చుట్టమైన రెండు వేళ్ల బాణీ ఒకటి రష్యాలో ఉండేది. బొరోదిన్ పెంచుకున్న అమ్మాయికి వచ్చింది అదొక్కటే. ఆ పిల్ల వాయిస్తుంటే ఆయన కింద ఒక పోల్కా కట్టాడు. అది విని రిమ్‌స్కీ-కోర్సకోవ్ వగైరా స్నేహితులు తలో ముక్కా కలిపి పుస్తకమే వేశారు. పై భాగం ఏమీ రానివాళ్లకి, కింది భాగం వచ్చినవాళ్లకి.

"పైన రెండు వేళ్లే అక్కా, నీ మణికట్టుకి..." అని నేను మొదలెట్టానో లేదో, "ఆ రెండు వేళ్లదీ నువ్వు వాయించు. పోల్కా నాది" అంది.

రిహార్సల్స్ జరుగుతున్నాయి. స్టేజీ మీద నేను రెండు చూపుడువేళ్లతో టిక్కుటిక్కుమంటూ కూర్చుంటాను, అక్క వాయిస్తుంది. కొట్టేసిన స్వరాల్లో రెండింటిని నిన్న రబ్బరుతో చెరిపి మళ్లీ కలుపుకుంది. పెడల్ మీద మాత్రం తగవు తేలలేదు. ఇప్పుడే ఫోన్ చేసింది: "రేపు అయిదింటికి వస్తున్నా. గోళ్లు కత్తిరించుకో, టకటకమంటున్నాయి."