పిల్లల మోకాళ్లు కాపాడుకుందాం

కర్నూలు, కడప జిల్లాల్లో చాలామంది హైస్కూలు పిల్లలు కబడ్డీ ఆడేది గట్టి నేల మీదే. గభాలున తిరిగినప్పుడు మోకాలిలో 'టప్‌'మని శబ్దం వచ్చి, వెంటనే వాచిందంటే లిగమెంట్ తెగి ఉండొచ్చు. అది ఎక్స్‌రేలో కనపడదు, ఎంఆర్ఐ తీయించాలి. విరిగిన ఎముకలకు వేసే పుత్తూరు కట్టుతో అతికేదీ కాదు.

1994లో బ్యాడ్మింటన్ క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్ మోకాలూ ఇలాగే దెబ్బతింది. శస్త్రచికిత్సలు, ఓపికతో చేసిన వ్యాయామాల తర్వాత ఆయన 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. సకాలంలో వైద్యం అందితే మన పల్లె పిల్లలూ తిరిగి ఆడగలరు. అందుకే ఈ సంచికను ఆట గాయాలకు కేటాయించాం.

పీఈటీ సార్లకు, తల్లిదండ్రులకు మా విన్నపం: పోటీకి ముందు మైదానం తవ్వించి మెత్తన చేయించండి. తలకు దెబ్బ తగిలిన బిడ్డను ఆ రోజు మళ్లీ ఆటకు దించకండి. నొప్పి అన్న బిడ్డ మాట నమ్మండి.