పరీక్ష పేరిట వెట్టి

మడమను మా పళ్ళికొండ, గుడియాతం వైపు తెలుగువాళ్ళు గుదికాలు అంటారు. బ్రౌను నిఘంటువులోనూ ఉన్న మాట ఇది. అయినా ఈనాటి అచ్చు పుస్తకాలలో మడమకు ఉన్న చోటు గుదికాలికి లేదు. ఆ మాట ఒక చిన్న తెలుగు పుస్తకంలో, నాలుగు పుటలలో ఆరుసార్లు నా కంటబడింది. చక్కెరజబ్బు ఉన్నవారు తమ పాదాలను ఎట్లా కాపాడుకోవాలో చెప్పే పుస్తకం అది. అనువాదకుల పేరు ఎక్కడా లేదు. ఆ పుటలను తెచ్చి నా బల్లమీద పెట్టి, "ఈ గుదికాలు నాది మామా" అన్నది ఒక అమ్మాయి.

ఆమెది గుడియాతం. తండ్రి లుంగీలు నేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. ఇంటినుడి తెలుగు. బడిలో తెలుగు చదువుకుని, కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యంతో పట్టా పుచ్చుకున్నది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళనాడులో తెలుగును మొదటి భాషగా చదివే దారి ఎంత ఇరుకైపోయిందో ఈ పత్రిక చదువరులకు నేను మళ్ళీ చెప్పనక్కరలేదు. ఆ ఇరుకు దారిన నడిచి వచ్చిన పిల్లకు, చెన్నపట్నంలోని ఒక సంస్థ ఇచ్చిన ప్రకటన కనిపించింది. ఇంగ్లీషు నుండి తెలుగులోకి అనువదించేవారు కావాలి, ఇంటినుండే పని చేయవచ్చు అని. తన తెలుగు తనకు నాలుగు రూపాయలు తెచ్చిపెట్టే రోజు వచ్చిందని ఆమె సంబరపడింది.

దరఖాస్తు పంపిన మరునాడే పరీక్ష వచ్చింది. పద్నాలుగు పుటలు, రెండు రోజుల గడువు. రెండు రాత్రులు కూర్చుని పూర్తి చేసింది. ఆ తరువాత ఫోనులో పది నిమిషాల మౌఖిక పరీక్ష. "మళ్ళీ తెలియజేస్తాము" అన్నారు. తెలియజేయలేదు. కొన్ని నెలలకు బంధువు ఒకరు ఆసుపత్రినుండి తెచ్చుకున్న పుస్తకంలో ఆమె వాక్యాలు, ఆమె గుదికాలు, ఆమె చేసిన ఒక అచ్చుతప్పుతో సహా కనిపించాయి.

ఒక్కరి విషయమే అయితే పొరపాటు అనుకుందుము. అదే ప్రకటన చూసి దరఖాస్తు చేసుకున్నవారు ఆమెకు తెలిసి మరి ముగ్గురు ఉన్నారు. ఒకరికి ఆహార నియమాల అధ్యాయం, ఒకరికి ఇన్సులిన్, ఒకరికి కంటిచూపు. నలుగురివీ పక్కపక్కన పెడితే పుస్తకంలో సగం తయారయింది. నలుగురిలో ఒక్కరికీ ఉద్యోగం రాలేదు. పరీక్ష అన్నప్పుడు అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇస్తారు. అప్పుడే గదా ఎవరు మెరుగో తేలేది? తలా ఒక అధ్యాయం పంచి ఇవ్వడాన్ని పరీక్ష అనరు, పని పంపకం అంటారు. ఎంపిక పరీక్ష నిజమైనదా, బూటకమా అని నన్ను అడిగే పిల్లలకు నేను చెప్పే మొదటి గుర్తు ఇదే.

ఆ అమ్మాయి తల్లికి నేను ఈ సంగతి వివరించబోతే, ఆమె సగంలోనే అందుకున్నది. "ఇందులో కొత్తేముంది వకీలన్నా? బాగాలేవని పక్కకు తీసిన బీడీలు వాడేం పారబోస్తాడా? మూటలో వేసుకునే పోతాడు. మాకు కూలి మాత్రం రాదు."

ఇరవై యేళ్ళుగా నల్లకోటు వేసుకుంటున్న నాకు తట్టని పోలిక ఆమెకు ఒక్క క్షణంలో తట్టింది. గుడియాతం, పేర్ణంబట్టు, వాణియంబాడి ఇళ్ళలో బీడీలు చుట్టే ఆడవాళ్ళకు ఇది పాత బాధ. ఆకు, పొగాకు లెక్కకట్టి ఇస్తారు. చుట్టిన బీడీలు తీసుకునేటప్పుడు కొన్నింటిని నాసిరకమని తీసివేస్తారు. తీసివేసినవాటికి కూలి కట్టరు, చుట్టినవారికి తిరిగి ఇవ్వనూ ఇవ్వరు. ఈ మోసం ఎంత పాతుకుపోయిందంటే, 1966లో పార్లమెంటు చేసిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం దీన్ని పేరుపెట్టి చెప్పవలసి వచ్చింది. యజమాని తిరగ్గొట్టిన బీడీల గురించీ, ఆ తిరగ్గొట్టినవాటికి చెల్లించవలసిన కూలి గురించీ తగవు వస్తే తీర్చడానికి ఆ చట్టపు 39వ సెక్షను ఒక అధికారిని ఏర్పరచమన్నది. ఆ చట్టం 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయింది. అది ఒప్పుకున్న న్యాయం మాత్రం కలిసిపోయేది కాదు. పని నచ్చలేదని చెప్పే హక్కు యజమానికి ఉంది. నచ్చలేదన్న పనిని ఉంచుకుని వాడుకునే హక్కు లేదు.

నా వాదమంతా ఇంతే. పరీక్ష పెట్టవద్దని నేను అనడం లేదు. చేయి చూడకుండా నేతగాణ్ణి మగ్గం మీద కూర్చోబెట్టేవారు ఎవరూ ఉండరు. ఒక పుట అనువదించి చూపమనడం, ఒక గంట పాఠం చెప్పి చూపమనడం న్యాయమే. మనిషిని తిరగ్గొట్టి పనిని ఉంచుకున్నప్పుడే అది వెట్టి అవుతుంది. తెలుగులో వెట్టి అంటే కూలి లేని చాకిరి, అరవంలో వెట్టి అంటే దండగ. ఈ పిల్లల రెండు రాత్రులకు రెండు అర్థాలూ సరిపోయాయి.

చట్టం ఏమంటుంది? వేతన చట్టాలతో మొదలుపెడితే చిక్కు వస్తుంది. అవన్నీ ఉద్యోగికి, కార్మికునికి రక్షణ ఇచ్చేవి. దరఖాస్తుదారు ఇంకా ఉద్యోగి కాలేదు గనుక తమకు వర్తించవని యజమాని వాదిస్తాడు. వాదించనివ్వండి. ఆ మాటనే పట్టుకుని మనం ఇంకొక తలుపు తట్టవచ్చు. 1957 నాటి కాపీరైటు చట్టపు 17వ సెక్షను ప్రకారం ఒక రచనకు మొదటి హక్కుదారు రచయితే. కొలువులో ఉండి ఆ కొలువులో భాగంగా రాస్తేనే హక్కు యజమానికి పోతుంది. ఉద్యోగి కాదని మీరే అంటున్నారు గదా? అయితే ఆ అనువాదం మీద హక్కు ఆమెదే. అనువాదం కూడా చట్టం దృష్టిలో ఒక రచనే. హక్కును ఇంకొకరికి ధారపోయాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 19వ సెక్షను చెబుతున్నది. ఫోనులో "సరేనండి" అన్నంత మాత్రాన చాలదు. ఇంగ్లీషు మూలం మీది హక్కు వేరొకరిది గనుక ఆమె తన అనువాదాన్ని తానుగా అచ్చువేసుకోలేదన్నది నిజమే. ఆమె అనుమతి లేకుండా వాళ్ళూ వేసుకోలేరన్నదీ అంతే నిజం.

రెండవ తలుపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం. దాని 70వ సెక్షను నాకు చాలా ఇష్టమైనది. ఒకరు ఉచితంగా చేయాలన్న తలంపు లేకుండా, న్యాయబద్ధంగా ఇంకొకరికి ఒక పని చేసిపెడితే, ఆ ఇంకొకరు దాని ఫలం అనుభవిస్తే, పరిహారం చెల్లించాలి, లేదా ఆ ఫలాన్ని తిరిగి ఇచ్చివేయాలి. ఒప్పంద పత్రం ఉండితీరాలని లేదు. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికీ బి.కె. మొండల్ అండ్ సన్స్ అనే సంస్థకూ నడిచిన వ్యాజ్యం 1962 నాటి తీర్పుల సంపుటంలో ఉంది. సర్కారు కోసం ఆ సంస్థ గోదాములూ రోడ్డూ కట్టింది. తీరా బిల్లు పెడితే, పద్ధతి ప్రకారం ఒప్పందం జరగలేదు, ఇవ్వము పొమ్మన్నారు. కట్టినవాటిని వాడుకుంటూ డబ్బు ఇవ్వననడం కుదరదని సుప్రీంకోర్టు 70వ సెక్షను కిందనే తీర్పు చెప్పింది. గోదాముకు వర్తించిన న్యాయం పద్నాలుగు పుటల అనువాదానికి వర్తించదనడానికి నాకైతే కారణం కనిపించదు.

"వాళ్ళంతట వాళ్ళే చేశారు, మేమేమైనా బలవంతపెట్టామా?" అని ఒక సంస్థ నిర్వాహకుడు ఒకమాటు నాతోనే అన్నాడు. ఈ ప్రశ్నకు 1982లోనే సమాధానం వచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, రోడ్లు కడుతున్న కూలీలకు రోజుకు 9 రూపాయల 25 పైసలు రావాలి. మధ్యలో జమాదారులు ఒక రూపాయి కోసుకునేవారు. పౌరహక్కుల సంఘం ఒకటి రాసిన ఉత్తరాన్నే వ్యాజ్యంగా స్వీకరించి, న్యాయమూర్తులు పి.ఎన్. భగవతి, బహరుల్ ఇస్లాం ఆ ఏడు సెప్టెంబరులో తీర్పు చెప్పారు. వెట్టిని నిషేధించే రాజ్యాంగపు 23వ అధికరణం ప్రభుత్వాన్నే కాదు, ప్రైవేటు వ్యక్తులనూ కట్టడి చేస్తుందన్నారు. బలవంతం అంటే కర్ర పట్టుకుని నిలబడడమే కానక్కరలేదు, ఆకలి, పేదరికం, వేరే దారి లేకపోవడం కూడా బలవంతమే అన్నారు. దరఖాస్తుదారుల పరీక్షలకు ఆ తీర్పును ఉన్నది ఉన్నట్లుగా అతికించవచ్చునని నేను చెప్పను. కోర్టులో ఎదుటి వకీలు ఊరుకోడు. అయితే "ఇష్టపడే చేశారు" అన్న మాటకు ఉన్న విలువ ఎంతో ఆ తీర్పు తేల్చిపెట్టింది.

ఇక్కడ నా సొంత వృత్తి గురించి చెప్పకపోతే బాగుండదు. పట్టా పుచ్చుకుని వచ్చిన పిల్లలు సీనియరు గదిలో నెలల తరబడి జీతం లేకుండా దావాలు రాయడం, వాయిదాలకు పరుగెత్తడం మా దగ్గర ఆచారం. నేనూ అట్లాగే చేశాను, నా దగ్గరకు వచ్చినవారి చేత కొంతకాలం చేయించాను కూడా. నేర్చుకుంటున్నారు గదా అని సర్దిచెప్పుకున్నాను. 2024 జూనులో మద్రాసు హైకోర్టు ఆదేశంతో, చెన్నై, మదురై, కోయంబత్తూరులలో నెలకు 20,000, మిగతా ఊళ్ళలో 15,000 రూపాయలకు తగ్గకుండా జూనియర్లకు ఇవ్వాలని బార్ కౌన్సిల్ చెప్పవలసి వచ్చింది. న్యాయం చెప్పేవాళ్ళ ఇంటిలోనే ఈ సంగతిని ఇంకొకరు వచ్చి గుర్తుచేయవలసి వచ్చిందంటే, మిగతాచోట్ల ఎట్లా ఉంటుందో చెప్పాలా?

వేలూరు చుట్టుపక్కల ప్రైవేటు బడులలో దీనికి డెమో అని పేరు. పళ్ళికొండ పిల్లవాడు ఒకడు లెక్కల ఉపాధ్యాయుని పనికి పోతే, పరీక్షల ముందర రెండు వారాలు డెమో క్లాసులు చెప్పించుకుని, ఆ పైన మూడు సెక్షన్ల జవాబుపత్రాలు దిద్దించుకుని, "వచ్చే యేడాది చూద్దాం" అన్నారట. సెలవు మీద పోయిన ఉపాధ్యాయుని స్థానం ఆ రెండు వారాలు ఖర్చు లేకుండా నిండింది. ఇది మన దేశపు రోగం మాత్రమే కాదు. జీతం లేని ప్రయత్న పనిని నిషేధించాలని బ్రిటన్ పార్లమెంటులో స్టూవర్ట్ మెక్డొనాల్డ్ అనే స్కాట్లాండు సభ్యుడు ఒక బిల్లు పెట్టారు. 2018 మార్చిలో ఉపన్యాసాలతోనే పొద్దుపుచ్చి దాన్ని ఓటింగు దాకా రానీయలేదు. మన దగ్గర అటువంటి బిల్లు కోసం అడిగే గొంతే ఇంకా పెద్దగా వినబడడం లేదు.

ఎల్లల అవతల ఉన్న తెలుగు పిల్లలకు ఈ దెబ్బ మరికొంచెం గట్టిగా తగులుతుందని నా అనుభవం. తమిళనాడులో తెలుగు రాత వచ్చినవారికి దొరికే కొలువులు తక్కువ, వెతికేవారికి తమ మాట మీద తమకే నమ్మకం తక్కువ. "మన తెలుగు ఆంధ్రావాళ్ళకు నచ్చలేదేమో" అని ఆ నలుగురూ తమనే తప్పుపట్టుకున్నారు. పుస్తకం కంటబడేదాకా గుడియాతం అమ్మాయి కూడా గుదికాలు రాసినందుకే తనను తీసుకోలేదని అనుకున్నదట. నచ్చనిది గుదికాలు అయితే ఆరుచోట్ల ఎందుకు అచ్చయింది?

కనుక పిల్లలకు నా మనవి. పరీక్ష ఒకటి రెండు పుటలు దాటితే, మిగతాదానికి కూలి ఎంత అని మర్యాదగా అడగండి. పంపేటప్పుడు ఉత్తరంలోనే ఒక వాక్యం రాయండి: ఇది నా సామర్థ్యం చూడడానికి మాత్రమే, వాడుకోదలిస్తే నా రాతపూర్వక అనుమతి, తగిన ప్రతిఫలం అవసరం అని. మార్చడానికి వీలుండే ఫైలు కాకుండా, మీ పేరు అడ్డంగా పడిన ప్రతిని పంపండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ దాచుకోండి. మోసం జరిగితే, మూడు వేల రూపాయల కోసం వకీలును ఎక్కడ పెట్టుకుంటామని వెనుకాడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అందుకు జిల్లా న్యాయసేవల సంస్థకు పోతే చాలు. నలుగురు కలిసి పోతే ఇంకా మంచిది. విడివిడిగా అది నాలుగు పరీక్షలు, ఒకచోట చేరితే సగం పుస్తకం.

ఆ అమ్మాయి కోసం నేను నోటీసు రాసిపెట్టాను. 70వ సెక్షను, 17వ సెక్షను, పుట సంఖ్యలతో సహా ఆరు గుదికాళ్ళు, అన్నీ చేర్చాను. సంతకం పెట్టమంటే ఆమె తల్లి వంక చూసి, "ఇప్పుడే వద్దు మామా. ఈ పనులు ఇచ్చేవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఇంకో రెండుచోట్ల దరఖాస్తు పెట్టి ఉన్నాను" అన్నది. నోటీసు నా బల్లసొరుగులో ఉంది. ఇటువంటి దావాకు కాలపరిమితి మూడేళ్ళు. అందులో పద్నాలుగు నెలలు గడిచిపోయాయి.